అమ్మమ్మ అడిగిన ఒక్క చుట్ట

జూలై పద్నాలుగు, ఆదివారం. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. ఆకాశం నిండా మబ్బు, చినుకు లేదు. సముద్రం వైపు నుంచి గాలి పూర్తిగా ఆగిపోయి ఉక్కగా ఉంది. ఆ రోజు మా అమ్మమ్మ పన్నెండో రోజు. ఆ సమయానికి నేను నా ఇంట్లో ఒంటరిగా, ఇనప బీరువా తలుపు తెరిచి నిలబడి ఉన్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళు ఓడరేవులో సరుకు లెక్క చూసిన గుమాస్తాను. ఓడలోంచి దిగిన బస్తాలకూ, గోదాములోకి చేరిన బస్తాలకూ తేడా వస్తే ఎవరో తీశారనో, లెక్క తప్పిందనో రాసేవాణ్ణి. మూడో కారణం రాయవలసిన అవసరం నాకు కలగలేదు.

అమ్మమ్మ ఎలమంచిలి దగ్గరి పల్లెలో పుట్టింది. పుట్టిన తేదీకి కాగితం లేదు. మా అమ్మ వయసును బట్టి నేను కట్టిన లెక్క ప్రకారం తొంభై ఏడేళ్ళు బతికింది. ఐదుగురిని కని, ముగ్గురిని పసితనంలోనే మట్టిచేసింది. మిగిలినవాళ్ళు మా అమ్మ, మామయ్య. డెబ్బై దాటేదాకా పరాయి పొలాల్లో ఊడ్పులకు వెళ్ళింది. మా వైపు ఆడవాళ్ళు చాలామందిలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొస నోటి లోపల, చల్లని కొస బయట. వంగి నాట్లు వేసేటప్పుడు రెండు చేతులూ బురదలో ఉంటాయి. నిప్పు నోట్లో ఉంటే వానకు ఆరదు, గాలికి రాలదు. చుట్ట తియ్యకుండానే, ఆ బిగించిన పెదవుల సందులోంచే నాకు కథలు చెప్పేది.

మామయ్య పోయాక ఆమె పట్నంలో, సీతమ్మధారలో ఉన్న ఆయన కొడుకు రమణ ఫ్లాటుకు చేరింది. రమణ నాకు బామ్మర్ది. పక్క ఫ్లాట్ల వాళ్ళు నవ్వుతున్నారని మొదటి నెలలోనే చుట్ట మాన్పించాడు. ఫిబ్రవరిలో ఆమెను డాక్టరుకు చూపించినప్పుడు నేనూ వెంట ఉన్నాను. “ఈ వయసులో మాన్పించి ఏం సాధిస్తారండీ? తాగనివ్వండి” అని ఆయన అన్నమాట నా చెవులతో విన్నాను. ఎలమంచిలి నుంచి తెచ్చిన చుట్టల కట్టను ఆ సాయంత్రమే ఆమె చేతిలో పెట్టి వచ్చాను. గంట తిరక్కుండా రమణ దాన్ని మా ఇంటికి తెచ్చి బల్ల మీద పడేశాడు.

“డాక్టరు ఒద్దన్నాడు బావా. ఇదిగో నీ కట్ట. లెక్కెట్టుకో, ఇరవయ్యైదూ ఉన్నాయి. ఒక్కటీ ముట్టనివ్వనేదు.”

“డాక్టరు ఏమన్నాడో నేనూ విన్నాను. అమ్మమ్మను నా ఇంటికి పంపు.”

“కూతురి కొడుకింట్లో వదిలేశాడని జనం నన్నేటనుకుంటారు?”

కొసలు లెక్కపెట్టాను. ఇరవై అయిదే. తాటినారతో వేసిన ముడి విప్పకుండానే కట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను. దానికి తాళంచెవి ఒక్కటే. అది నా మొలతాడుకు ఉంటుంది.

ప్రతి ఆదివారం చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. గుమ్మంలోనే రమణ నవ్వుతూ నా జేబులు తడిమేవాడు. “చెకింగ్ బావా, చెకింగ్!” లోపల మంచం మీద నుంచి అమ్మమ్మ అరిచేది.

“ఒరే, నాను సచ్చాక నా నోట్లో బంగారం ఎడతారేటి? ఇప్పుడో సుట్ట ఇయ్యండ్రా. ఒక్కటంటే ఒక్కటి!”

అయిదు నెలలు అలా అడిగింది. జీవితమంతా ఒకరిని చెయ్యి చాచి అడగని మనిషి చేత, ఒక చుట్ట కోసం అడుక్కునేలా చేశాడు. జూలై మూడున మధ్యాహ్నం పోయింది. ఆ కోపం నాలో ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

పన్నెండో రోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టడం మా ఆచారం. నెత్తళ్ళ చేపల ఇగురు పెట్టారు. బెల్లం పెట్టారు. చుట్ట కూడా పెట్టాలన్నాను.

“మా ఆఫీసోళ్ళొచ్చారు బావా” అన్నాడు రమణ, గొంతు తగ్గించి. “సుట్టేటి? పరువు తీసేత్తావా?”

“బతికుండగా ఇవ్వలేదు, చచ్చాకైనా ఇవ్వవా?” అని నేను గొంతు తగ్గించకుండానే అడిగి, రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి నడిచి వచ్చాను. బీరువా తెరిచాను.

లోపలి నుంచి పొగ వాసన వచ్చింది. కట్ట పెట్టినచోటే ఉంది. ముడి నేను చూసిన ముడే. కొసలు లెక్కపెడితే ఇరవై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. పక్కన ఉతికిన పంచె మీద అంగుళమంత చుట్ట పీక ఉంది. ఉదయం ఆరు గంటలకు అదే అరలోంచి తువ్వాలు తీసుకున్నాను. అప్పుడది అక్కడ లేదు. పంచె మీద కాలిన మచ్చ లేదు. పీక కాలిన కొస తడిగా, కాలని కొస పొడిగా ఉన్నాయి. మామూలుగా తాగినవాళ్ళ పీక ఇందుకు సరిగ్గా తిరగబడి ఉంటుంది.

కట్టనూ, పీకనూ తీసుకెళ్ళి, రమణ ఆఫీసు వాళ్ళందరి ముందే అమ్మమ్మ ఆకులో పెట్టాను. రమణ కట్ట లాక్కుని తానే లెక్కపెట్టాడు.

“నువ్వే తాగుంటావ్ బావా!”

“నిప్పు నోట్లో పెట్టుకునా? నువ్వొకసారి పెట్టుకుని చూపించు.”

అతను పీకను వేళ్ళతో పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు.

“ఇదేటి... ఇంకా ఎచ్చగుంది” అన్నాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

ఎలుక అనుకుందామంటే, ఎలుక చుట్ట ముట్టించదు. దొంగ అనుకుందామంటే, నా మొలతాడు ఎవరూ ముట్టుకోలేదు. లెక్క తప్పిందనుకుందామంటే, ఇరవై అయిదని ఒప్పజెప్పింది రమణే. నా దగ్గర వివరణ లేదు. ఈ ఒక్క తేడాకు కారణం రాయవలసిన చోటు ఖాళీగా వదిలేస్తున్నాను.

కట్టను మళ్ళీ బీరువాలోనే ఉంచాను. ప్రతి ఆదివారం తీసి లెక్కపెడుతున్నాను. ఆమె ఒక్కటంటే ఒక్కటే అడిగింది. ఈ ఉదయం లెక్క ఇరవై నాలుగు.