కుదుపు తెలిసే బెల్టు

ఆ రోజుల్ని తలచుకుంటే నాకు ముందుగా కళ్లముందుకొచ్చేది జీపు కాదు, కాలువ. ఆత్రేయపురం నుంచి రావులపాలెం వెళ్లే గట్టు రోడ్డు మీద పొద్దు వాలే వేళ, నీటి మీది వెలుతురు పైకి లేచి కొబ్బరాకుల అడుగున కదులుతూ ఉంటుంది. చెట్లు కళ్లు మూసుకుని ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. మా బావ ఆ రోడ్డు మీదే మా అక్కని పారేసుకున్నాడు. ఎంతోసేపు కాదు లెండి.

వాళ్లకి కొత్తగా పెళ్లయిన రోజులవి. అక్క స్కూటరు వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుంది. తూము దగ్గర గతుకులో స్కూటరు ఎగిరింది, అక్క దిగిపోయింది. ఆ సంగతి బావకి తెలియలేదు. ఆ ఏడు ధాన్యం ధర గురించి చెప్పుకుంటూ ముందుకి వెళ్లిపోయాడు. రావులపాలెంలో పెట్రోలు బంకు దగ్గర ఆగి, "దిగు" అన్నాడు. దిగడానికి అక్కడ ఎవరూ లేరు.

అక్కకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆ తర్వాత బావ నడిపే బండి ఏదీ ఎక్కలేదు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఆయన స్కూటరు మీద, ఆవిడ బస్సులో. ఎవరైనా అడిగితే, "పడ్డందుకు కాదండి. నేను పడిపోయాక కూడా ఈయన మాట్లాడుతూనే ఉన్నారు, అదండీ" అనేది.

బావ మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు; చేసేది వ్యవసాయం. చేతికి గ్రీజు అంటుకుంటేగాని అన్నం సయించని మనిషి. నిడదవోలులో ఒక రైసు మిల్లు వెనక తుప్పు పట్టి పడున్న జీపుని తెచ్చి మా ధాన్యం కొట్లో పెట్టాడు. ఆ ఏడు ధాన్యం వరండాలో నిద్రపోయింది. ఇంజను మార్చాడు, టాపు పీకేశాడు, ముందు రెండు మెత్తటి సీట్లు బిగించాడు. ఎవరి కోసమో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఖాళీగా ఉండటానికి కావలసిన అర్హతలన్నీ సంపాదించి ఇంట్లో ఉన్నాను. ఇంగ్లీషు కార్ల పత్రికలు చదివి బావకి అర్థం చెప్పడం నా ఉద్యోగం.

అన్నీ అయ్యాక పని బెల్టు దగ్గర ఆగిపోయింది. బావ మనసు పత్రికలో ఒక రేసు కారు బొమ్మ మీద పడింది. భుజాల మీంచి రెండు ఎర్ర పట్టీలు, నడుం దగ్గర రెండు, నాలుగూ కలిసేచోట గుండ్రటి బిళ్ల.

"ఇలా కట్టేస్తే మీ అక్క ఎక్కడికి పోతుందిరా?"

"పోదు బావా. కొబ్బరికాయల బస్తా కూడా పోదు."

మార్పులు చేసిన బండి రోడ్డెక్కాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు చూసి సరే అనాలి. అందుకని బొమ్మ పట్టుకుని కాకినాడ వెళ్లాం. ఆయన దాన్ని చాలాసేపు చూశారు, పెళ్లి సంబంధం ఫొటో చూసినట్టు.

"బాగుందండి. మరి బండి తిరగబడితే అమ్మగార్ని బయటికి తీసేదెవరండీ?"

"నేనేనండి."

"మీరూ కట్టుకునే ఉంటారు కదండీ! దారిన పోయే మనిషి పరిగెత్తుకొచ్చి ఒక్క బొత్తం నొక్కితే ఊడాలండి, రోడ్డు బండికి. ఐఎస్ఐ గుర్తున్నది తెచ్చుకోండి, కొత్తది. గుద్దుకున్న కార్లోంచి పీకింది మాత్రం వద్దు, అది ఒకసారి సాగిపోయి ఉంటుంది. ఇంతకీ ఈ భుజాల పట్టీలు ఎక్కడ బిగిస్తారు?"

"సీటు వెనక నేలకండి."

"అప్పుడు గుద్దుకుంటే మనిషిని వెనక్కి పట్టదండీ, వెన్నుపూసని కిందికి అదిమేస్తుంది. భుజం ఎత్తులో వెనక ఏదైనా ఉండాలి. మీ జీపుకి అక్కడ ఆకాశం తప్ప ఏముందండీ?"

తిరుగు బస్సులో బావ ఆ బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి వరిచేలు వెనక్కి పోతుంటే, ఎర్ర పట్టీలు కూడా వాటితోపాటు వెళ్లిపోయాయనుకుంటాను. చివరికి సీట్ల వెనక ఛాసిస్‌కి గట్టి ఇనప కమాను వెల్డింగు చేయించాడు. దానికి విజయవాడ నుంచి తెచ్చిన మామూలు కారు బెల్టు బిగించాడు. ఒక భుజం మీంచి వచ్చి నడుం పక్కన తగులుకునేది, నల్లటిది.

భోజనానికి పిలవడానికి కొట్లోకొచ్చిన అక్క, ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని లాగింది. మెల్లగా లాగితే దారంలా వచ్చింది. గబుక్కున లాగితే ఆగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది.

"ఇదేంటండీ?"

"కుదుపొస్తే దానంతటదే పట్టేసుకుంటుందే" అన్నాడు బావ, జీపు కిందనుంచి.

"అయితే కుదుపొచ్చినట్టు దీనికి తెలుస్తుందన్నమాట."

జీపు కింద స్పానరు చప్పుడు ఆగింది.

"తెలుస్తుంది."

"ఆహా" అని అక్క లోపలికి వెళ్లిపోయింది. బావ తల బయటపెట్టి, "ఎక్కుతానందా?" అన్నాడు.

"ఎక్కనని మాత్రం అనలేదు బావా."

ఇన్‌స్పెక్టరు గారు బండి చూసి సరేనన్నారు. మర్నాడు పొద్దున పూజ. అమ్మ బానెట్టుకీ, స్టీరింగుకీ, చక్రాలకీ పసుపు కుంకుమలు పెట్టింది. "అసలు నా కూతుర్ని పట్టుకునేది ఇది కదా" అంటూ బెల్టు తగులుకునే గూట్లో వేలుపెట్టి నిండా పసుపు ముద్ద మెత్తి, పైన కుంకుమ అద్దింది. మేమందరం దణ్ణం పెట్టుకున్నాం. అది తాళం లాంటిదని ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రానికి పసుపు ఎండింది. అక్క కొట్లోకొచ్చి, "కదపకండి. ఊరికే కూర్చుని చూస్తాను" అని ఎక్కి, బెల్టు లాగి గూట్లోకి నెట్టింది. పట్టుకుంది. కాసేపు కూర్చుని దిగబోయింది. బొత్తం దిగలేదు. బావ నొక్కాడు. నేను నొక్కాను. అమ్మ నొక్కి, "బొట్టు మరీ గట్టిగా పెట్టానేమోరా" అంది. బెల్టు మెల్లగా లాగి కిందనుంచి దూరి రావచ్చని ఎవరూ అనలేదు, అక్కతో సహా.

"రావులపాలెంలో మెకానిక్కు దగ్గరకెళ్తే తీసేస్తాడు" అన్నాడు బావ.

"ఎందులో వెళ్తాం?"

"నువ్వు అందులోనే ఉన్నావు కదే."

అక్క ఆయన వంక చూసింది. తర్వాత ముందుకి చూసింది. "సరే, పోనివ్వండి. మెల్లగా."

నేను వెనకెక్కాను. అక్కడ బెల్టు లేదు; నా గురించి ఎవరికీ బెంగ లేదు. గట్టు మీదికొచ్చేసరికి కాలువ బంగారు రంగులో ఉంది. గాలి లేదు, బండి వెళ్తున్నందుకే కొంచెం గాలి. బావ ధాన్యం ధర గురించి ఒక్క మాట మాట్లాడలేదు. తూము రాగానే జీపు నడుస్తున్న మనిషికన్నా మెల్లగా దిగి, ఎక్కింది.

"ఉన్నావా?" అన్నాడు, పక్కకి తిరిగి.

"ఉన్నాను."

మరి కాసేపటికి ఏ గతుకూ లేనిచోట మళ్లీ, "ఉన్నావా?"

"ఉన్నానండీ!" అక్క నవ్వింది.

అప్పుడు చిన్నగా టిక్ మంది. దారిలో గతుకులకి పసుపు రాలిందేమో, అక్క బొటనవేలి కింద బొత్తం దిగి, బెల్టు ఊడి ఒళ్లో పడింది. బావ రోడ్డు చూస్తున్నాడు. అక్క దానివంక కాసేపు చూసి, కాలువ వంక చూసి, మళ్లీ గూట్లోకి నెట్టింది. టిక్. తల తిప్పి నావంక ఒక్క చూపు చూసింది. నేను కొబ్బరిచెట్లు చూస్తున్నాను.

రావులపాలెంలో మెకానిక్కు షాపు తెరిచే ఉంది. బావ బండి నెమ్మది చేశాడు.

"ఊడలేదుగా," అంది అక్క, "గోదావరి వంతెన దాకా పోనివ్వండి."