ఆ పెళ్లికూతురిని నేనే

మాది తొర్రూరు దగ్గర తండా. పెళ్లయిన రెండేళ్లకు యూనివర్సిటీలోని ప్రాంతీయ అధ్యయన కేంద్రంలో పీహెచ్‌డీకి చేరాను. మొదటి సెమినార్‌లోనే ఒక ప్రొఫెసర్ తెర మీద ఏడుస్తున్న పెళ్లికూతురి ఫొటో చూపించి, "తండాల్లో బలవంతపు పెళ్లిళ్లకు ఇదే సాక్ష్యం" అన్నారు.

ఆ పెళ్లికూతురిని నేనే! లేచి నిలబడ్డాను.

"కొత్తవాళ్లు చివర్లో అడగాలి, కూర్చోమ్మా" అన్నారాయన. హాలంతా నవ్వింది.

"నేను కూసోను సార్. గా ఫొటోల ఉన్నది నేనే. నచ్చినోణ్నే చేసుకున్న. మా తండాల పెండ్లిపిల్ల అందర్నీ పట్టుకొని ఏడ్చుకుంట పాట పాడాలె. గది మా అవ్వ దగ్గర నేర్చుకున్న. నన్నొక్క మాట అడిగిన్రా?"

ఆయన ఫొటో తీసేయబోయారు. "ఉంచుండ్రి సార్" అని, అక్కడే ఆ పాట ఏడుస్తూ పాడాను. మళ్లీ ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నా పరిశోధన ఆ పాట మీదే. మొదటి పేజీలో అదే ఫొటో పెట్టాను. ఈసారి దాని కింద నా పేరుంది.