మద్దెల నమ్మిన మాట

కప్ప అని ఆమెకి పేరు పెట్టింది బాబాయే. పసితనంలో జ్వరమొచ్చి రెండు కళ్లూ పోయిన పిల్లని, ఎక్కడ పడుతుందోనని ఇంట్లో అందరూ మంచానికి అంటిపెట్టి కూర్చోబెడితే, ఆయన మాత్రం భుజాన వేసుకుని ఈతకొలనుకి తీసుకెళ్లాడు. "నీళ్లలో పడితే మోకాళ్లు చిట్లవు కదా వదినా!" అన్నది ఆయన వాదన. నీళ్లలో దింపగానే పిల్ల ఏడవలేదు సరికదా, కాళ్లు రెండూ బారచాపి ఒక్క తన్ను తన్నింది. "ఓర్నీ, ఇది పిల్ల కాదు, కప్ప!" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

బాబాయిది అద్దాల కొట్టు. కిటికీలకీ బీరువాలకీ గాజు పలకలు కోసి బిగించేవాడు. గాజు మీద కట్టర్ ఒక్కసారే నడవాలి. మధ్యలో ఆగినా, గీసిన గీత మీదే మళ్లీ గీసినా పలక ఎటు పగులుతుందో దానికే తెలియదు. ఆయన గీస్తే కొత్త బట్ట చించినట్టు ఒకటే పొడుగాటి చప్పుడు. బల్ల కింద కూర్చుని ఆ చప్పుడు వింటూ పెరిగింది కప్ప.

కళ్లు లేని ఈతగాళ్లకి నీళ్లతో పేచీ ఉండదు, గోడతోనే. జోరుగా వచ్చేటప్పుడు గోడ ఎంత దూరంలో ఉందో తెలియకపోతే తల పగులుతుంది. అందుకని గట్టు మీద ఒక మనిషి పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడి, ఇంకొక్క బార ఉందనగా నెత్తి మీద తట్టాలి. ముందు తడితే వేగం పోతుంది, వెనక తడితే చెయ్యి పోతుంది. బాబాయి ఒక గాలపు కర్ర కొని, దారమూ కొక్కెమూ పీకేసి, కొసకి స్పాంజి ఉండ కట్టాడు.

"ఏం పెద్దాయనా, ఇవాళైనా కప్ప గాలానికి పడిందా?" అనేవాడు కొలను కాపలాదారు.

"ఇది పడే రకం కాదయ్యా. గాలంతో పాటు నన్నూ లాక్కుపోయే రకం!"

గాజు కోసిన చెయ్యి కదా, ఆ తట్టడంలో తొందర ఉండేది కాదు, తడబాటు ఉండేది కాదు. ఆ చేతి మీద భరోసాతోనే కప్ప వేగం పెరిగింది. అన్ని పోటీల్లోనూ ఆమె పేరు పైకి వచ్చింది.

పారాలింపిక్స్‌కి మనుషుల్ని ఎంచే పోటీ ఆ కొలనులోనే జరిగింది. మలుపు దగ్గర స్పాంజి నెత్తిన పడింది. సరిగ్గా పడాల్సినచోటే పడింది. కానీ అప్పటికి ఆమెకి తన బారల లెక్క మీద గర్వం పుట్టింది. గోడ ఇంకా దూరముంది, బాబాయి కంగారుపడి ముందే తట్టాడు అనుకుంది. మిగిలిన ఒక్క బార కాక ఇంకోటీ వేసింది. మణికట్టు గోడకి కొట్టుకుని మడతపడింది. అందరికన్నా చివర తేలింది.

గట్టెక్కేసరికి కోచ్ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా? తట్టడం లేటయిందా?"

చుట్టూ తోటి ఈతగాళ్లు, అధికారులు. నా తప్పే సార్ అన్న మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని తోసుకుని ఇంకోటి బయటపడింది. "అవును సార్. ఆలస్యమైంది."

కర్ర కొస నుంచి నీటిచుక్కలు సిమెంటు మీద పడుతున్న చప్పుడు పక్కనే వినిపించింది. బాబాయి అక్కడే ఉన్నాడు.

"అయ్యుంటుంది సార్" అన్నాడాయన నెమ్మదిగా. "వయసు మీద పడింది. పిల్లకి ఇంకొక్కసారి అవకాశం ఇప్పించండి."

ఇప్పించారు. వాపు తగ్గాక మళ్లీ ఈదింది. ఈసారి కర్ర వేరే మనిషి పట్టుకున్నాడు. ఎంపికైంది, పారాలింపిక్స్‌కి వెళ్లింది, కాంస్యం తెచ్చింది. సభల్లో వక్తలు ఆ పాత కథ ఎత్తుకునేవారు. "బాబాయి వల్ల అంత నష్టం జరిగినా పల్లెత్తు మాట అనలేదు. ఎంత మంచి మనసో!" అనేవారు. చప్పట్లు మోగేవి. వెనక వరసలో బాబాయి కూడా కొట్టేవాడు. కప్పకి ఆ చప్పట్లు ఒంటి మీద దెబ్బల్లా తగిలేవి. ఉద్యోగం వేరే ఊళ్లో వచ్చింది. బాగున్నావా, బాగున్నాను. ఫోన్లో అంతకు మించి సాగేది కాదు. చాలా ఏళ్లు అలా తప్పించుకు తిరిగింది.

పోటీలు మానేశాక ఒకసారి సెలవు పెట్టి వచ్చింది. ఇంటి ముందు గదిలోని కొట్టులో అడుగు పెడుతుంటే గాజు కోస్తున్న చప్పుడు. సర్రుమని మొదలై, మధ్యలో ఆగి, కరకరమంటూ మళ్లీ సాగింది. ఫెళ్లున పలక విరిగింది.

"ఎవరు పిన్నీ కోస్తున్నది?" అని ఎదురొచ్చిన పిన్నిని అడిగింది.

"పనివాడే. మీ బాబాయి కట్టర్ ముట్టి ఎన్నేళ్లయిందనుకున్నావు? నువ్వు గోడకి గుద్దుకున్న మర్నాటి నుంచే ముట్టలేదు."

"ఎందుకని?"

"'నా చెయ్యి ఆలస్యం చేస్తోందే, పిల్ల చెయ్యే విరగ్గొట్టబోయాను, ఇంక గాజు నా మాటేం వింటుంది' అంటాడు. ఇప్పుడు కొలతలు అడగడం, అద్దాలు తుడవడం. ఆ తుడవడం కూడా పసిపిల్లకి నీళ్లు పోసినట్టు భయంభయంగా."

కప్పకి తల కొట్టేసినట్టయింది. బాబాయి తన కోసం నింద మోశాడనే ఇన్నేళ్లూ అనుకుంది. ఆయన ఆ మాటని నిజంగా నమ్మాడని ఏనాడూ అనుకోలేదు.

లోపలి నుంచి చెప్పుల చప్పుడు వచ్చింది. "కప్పా! ఎప్పుడొచ్చావే?"

"బాబాయ్, ఆ రోజు నువ్వు సరిగ్గానే తట్టావు."

ఏ రోజు అని ఆయన అడగలేదు.

"స్పాంజి తగలడం నాకు తెలిసింది. తెలిసే ఇంకో బార వేశాను. నీకన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నాను."

"ఎంత పని చేశావే!" అంది పిన్ని. అంతే, విసురుగా లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు దడదడలాడాయి.

బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు. "బాగుంది. కానీ ఆ సంగతి మద్దెలకెవరు చెప్పారు తల్లీ? అది నిజంగానే ఓటిదాన్ననుకుని అటకెక్కి కూర్చుంది."

"తిట్టు బాబాయ్."

"తిడితే నీ బరువు దిగుతుంది. నా చేతికేం వస్తుంది?" గొంతులో కోపం దాచుకోలేదు. "రేపు పొద్దున కొలను దగ్గరికి రా. అక్కడన్న మాట, అక్కడే మార్చు."

పొద్దున కోచ్ ముందు, కాపలాదారు ముందు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ముందు చెప్పింది. "ఇప్పుడదంతా ఎందుకమ్మా? పతకం తెచ్చావు కదా!" అన్నాడు కోచ్.

"పతకం సంగతి కాదు సార్. బాబాయి చేతి సంగతి."

ఎప్పుడూ వేళాకోళమాడే కాపలాదారు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. అందరి చూపులూ తన మీదే ఉన్నాయని ఆమె ఒంటికి తెలిసింది.

బాబాయి పాత కర్రకి కొత్త స్పాంజి కట్టి తెచ్చాడు. ఆమె దూకింది, అవతలి గట్టు తాకి తిరిగి వచ్చింది. ముందు వేళ్లు గోడకి రాసుకున్నాయి, తర్వాత స్పాంజి నెత్తిన పడింది.

"ఎలా ఉంది?" పైనుంచి ఆత్రంగా అడిగాడు.

సరిగ్గా ఉందనే మాట నాలుక చివరే ఉంది. ఎంత తేలిక! ఆయన మొహం వెలుగుతుంది, చెయ్యి మాత్రం అలాగే ఉండిపోతుంది.

"ఆలస్యమైంది బాబాయ్."

చుక్కలు పడుతున్న చప్పుడు. అదే సిమెంటు, అదే కర్ర.

"ఎంత?"

"బార పైనే."

"ఊఁ." స్పాంజి పిండుతున్నాడు. "నాకూ అలాగే అనిపించింది. వెనక్కెళ్లు. మళ్లీ రా."

ఆమె వెనక్కి తిరిగింది. నీళ్లు చల్లగానే ఉన్నాయి, మొహం మాత్రం ఇంకా మండుతూనే ఉంది. అవతలి గట్టు తాకి తిరిగి బయల్దేరింది. ఈసారి బారలు లెక్కపెట్టలేదు. స్పాంజి కోసం ఎదురుచూస్తూ వచ్చింది.