కోర్టుకు చేరని కాగితం

తొంభైల చివర్లో, బెంగళూరులోని ఒక జైల్లో ఖైదీల మానసిక ఆరోగ్యంపై జరిగిన సర్వేకి నేను ప్రశ్నలడిగేవాణ్ణి. అక్కడ కాటన్‌పేట మగ్గం కార్మికుడొకాయన కలిశాడు. మతి చెడిన రోజుల్లో ఒక కొట్టు అద్దం పగలగొట్టాడని కేసు. వైద్యం చేయించి తీసుకురమ్మని కోర్టు పంపి ఆరేళ్లయింది.

"చెవిలో ఎవరో మాట్లాడినట్టు వినబడుతుందా?" అని అడిగాను.

"ముందర వినబడతా ఉండె. మాత్రలు మింగినాంక నిలిచిపోయెనప్పా. ఇప్పుడు బాగుండాను. కోర్టుకు ఎప్పుడు పిల్చుకపోతారు?"

ఫైలు తీయించాను. నయమైందని డాక్టరు రాసి నాలుగేళ్లు దాటింది. ఆ కాగితం ఫైల్లోనే ఉంది. నేరం రుజువైనా అన్నేళ్ల శిక్ష పడదు.

"పంపమని ఎవరూ అడగలేదు సార్," అన్నాడు జైలు గుమాస్తా.

"ఆయన రోజూ అడుగుతున్నాడు కదయ్యా!" అని అరిచాను.

"పిచ్చోడి మాట ఎవరు లెక్క చేస్తారు?"

ఒళ్లు మండిపోయింది. జోక్యం వద్దన్న, సర్వే నడిపే మా ప్రొఫెసరు మాట కాదని జడ్జిగారికి అర్జీ పెట్టాను. నెలలోపే ఆ కార్మికుణ్ణి వదిలేశారు. సర్వే నుంచి నన్ను తీసేశారు.

తర్వాత నివేదిక అచ్చయింది. అందులో ఆయన నయమైన రోగుల్లో ఒకడు. వృథాగా పోయిన ఆ నాలుగేళ్ల ఊసే లేదు. ఇప్పటికీ ఆ పుస్తకం కనబడితే చించెయ్యాలనిపిస్తుంది.