ఎన్నింటికి తింటావని అడిగిన మనిషి

బుజ్జమ్మా, చిన్నోడా, మీ కాంపౌండరు తాత పోయాడ్రా. మొన్న శుక్రవారం తెల్లారి. సెలవులకొచ్చినప్పుడు మీకు పిప్పరమెంటు పెట్టి, "నాలుక చూపిస్తేనే ఇంకోటి" అనేవాడే, ఆ జిలానీ తాత. కబురు చెప్పడానికి వచ్చిన మనిషి వాకిట్లో నిలబడి చెబుతానే ఉన్నాడు, నాకు చెవికెక్కలా. ముందు ఆదివారమే కదా నా పక్కన బెంచీ మీద కూర్చుని కడుపుబ్బ నవ్వింది! చేతిలో చేట పట్టుకుని అట్టాగే నిలబడిపోయా. ఫోన్లో చెబితే రెండు మాటల్లో అయిపోద్ది. అందుకే కూర్చుని రాస్తున్నా.

మీకు ఆయనంటే పిప్పరమెంట్లే తెలుసు. నేనివాళ బతికుండి మీకీ ఉత్తరం రాస్తున్నానంటే ఆయన వల్లే. అది కూడా తెలియాలి మీకు.

సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, రిటైరై మన ఊరొచ్చాడు జిలానీ అన్న. అప్పటికి ఊళ్ళో సెల్ ఫోన్లు లేవు, సత్తెనపల్లి పోతే ఎస్టీడీ బూతు. గుంటూర్లో డాక్టరు చదువు చదివే పిల్లలు కొందరు, ఆదివారం ఆదివారం మొదటి బస్సుకొచ్చి ఊరికే వైద్యం చూస్తామన్నారు. చోటెక్కడ? అన్న తన ఇంటి వసారా ఇచ్చేశాడు. పిల్లలు చూసి రాసేవాళ్ళు, పెద్ద డాక్టరుగారొకాయన సంతకం పెట్టేవారు, అన్న పొట్లాలు కట్టేవాడు. పాత క్యాలెండరు కాగితాలతో పొట్లాలు. రోజుకి ఒక పూటే వేసే బిళ్ళయితే ఒక మూల కత్తిరించేవాడు, రెండు పూటలైతే రెండు మూలలు. చదువు రానోళ్ళకి అదే చీటీ.

పెద్దా చిన్నా చూసేవాడు కాదు. ఒకసారి ఒక పెద్ద రైతు జీపు దిగి నేరుగా లోపలికి పోబోతే, "బాబాయిగారూ, చీటీ తీసుకుని ఆ బెంచీ మీద కూర్చోండి. కాసేపు కూర్చుంటే సగం బీపీ ఇక్కడే తగ్గుద్ది" అన్నాడు. ఆయన కూర్చున్నాడు కూడా.

నాకు షుగరుందని ఆ వసారాలోనే తేలింది. నన్ను చూసిన పిల్ల పేరు పద్మజ. సన్నగా, పెద్ద కళ్ళజోడు. "పొద్దున ఒక బిళ్ళ వేసుకోండి అమ్మమ్మా" అంది. నేను సరేనన్నా. అవి మిరప కోతల రోజులు. నాలుగున్నరకి లేచి, పొద్దునే కదా అని బిళ్ళ వేసుకుని, ఐదింటికి ట్రాక్టరెక్కా. మేం క్యారేజీ విప్పేది పదింటికి. ఎనిమిదైందో లేదో ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మిరప చెట్లు రెండుగా కనబడ్డాయి. అంతే, సాలులో పడిపోయా. పక్కనున్న ఆడవాళ్ళు దయ్యమన్నారు, ఎండన్నారు. ఎవరో పరిగెత్తి అన్నకి చెప్పారు. సైకిలేసుకుని చేలోకి వచ్చాడు.

"ఏం తిన్నదమ్మా పొద్దున?"

"ఏమీ తిన్లేదు. బిళ్ళేసుకున్నా అని మాత్రం చెప్పింది."

"అయ్యో నా చెల్లెలా! తినకుండా బిళ్ళేసుకుంటే షుగరు పడిపోద్ది" అని, జేబులో ఉన్న చక్కెర పొట్లం విప్పి నా బుగ్గలో కొంచెం కొంచెంగా రాశాడంట. కళ్ళు తెరిచేసరికి ఆయన గడ్డం కనబడింది. "రత్తమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావులే, భయపడకు" అన్నాడు.

తర్వాతి ఆదివారం పద్మజకి సంగతి తెలిసి ఏడ్చింది చూడండీ, నాకే జాలేసింది. తెల్లకోటు విప్పి బల్లమీద పెట్టి, "నేనిక రానండీ, నా వల్ల మనిషి పోయేది" అంది.

అన్న కసరలేదు, బుజ్జగించలేదు. "కోటిక్కడే ఉంచు డాక్టరమ్మా. రాత్రికి ఇక్కడే పడుకో, రేపు మా చెల్లెలితో కోతకి పో" అన్నాడు.

వచ్చిందర్రా! పొద్దున్నే ట్రాక్టరెక్కి మాతోపాటు కాయలు కోసింది. ఏడింటికే ముఖం వాడిపోయింది. ఎనిమిదింటికి, "అమ్మమ్మా, ఎప్పుడు తింటారు?" అని మెల్లగా అడిగింది. "పదింటికి తల్లీ" అంటే మా ఆడవాళ్ళంతా నవ్వు. "డాక్టరమ్మకి కడుపులో ఎలకలు పరిగెడుతున్నయ్యే!" అని ఒకటే ఎగతాళి. నవ్వొచ్చి కళ్ళజోడు తీసి, అదే చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఇంకేముంది, చేలో గంతులు! క్యారేజీలో పెరుగు తీసి రెప్పల మీద నేనే రాశా.

ఇంటికొచ్చాక అన్న అడిగాడు, "ఏం నేర్చుకున్నావమ్మా?" అని. ఎర్రగా వాచిన కళ్ళతోనే చెప్పింది, "బిళ్ళ రాసే ముందు, ఎన్నింటికి లేస్తావు, ఎన్నింటికి తింటావు అని అడగాలి తాతగారూ." "ఆఁ. ఇక కోటేసుకో" అన్నాడు.

ఆనాటి నుంచి చీటీలిచ్చి పేర్లు పిలిచే పని నాది. ఆ ప్రశ్న కూడా నేనే అడిగేస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వడిగితే ఈ డాక్టరు పిల్లలకెప్పుడు అలవాటవుద్ది?" అనేవాడు.

కానీ లోపల ఒక దిగులు ఆయనకి. ఏటేటా పిల్లలు మారతారు. నేర్చినోళ్ళు పెద్ద డాక్టర్లై పోతారు, పద్మజ కూడా ఒంగోలు పోయింది. కొత్తవాళ్ళొస్తారు. "నేను పోయాక మళ్ళీ ఎవరో ఒక రత్తమ్మ సాలులో పడుద్ది" అని ఎన్నిసార్లన్నాడో. గుండె జబ్బొచ్చి మంచాన పడ్డాక వసారాలో సందడి వద్దని, ఆదివారం వైద్యం బడికి మార్చారు. ఏడాదిపైగా ఆయన అటు రాలేదు.

పోవడానికి ముందు ఆదివారం కర్ర పట్టుకుని బడికొచ్చాడు. "రత్తమ్మా, నేనెవరో చెప్పమాక. చీటీ ఇవ్వు" అన్నాడు. వరసలో కూర్చున్నాడు. లోపల కుర్రాడు కొత్తవాడు, మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. నేను తలుపు దగ్గర చెవులొగ్గి నిలబడ్డా.

"తాతా, పొద్దున ఎన్నింటికి తింటారు?"

అన్న కావాలనే విసుక్కున్నాడు. "తినేటప్పుడు తింటాలేవయ్యా, బిళ్ళలు రాసెయ్."

"అలా కుదరదు. టైము చెబితేనే రాస్తా."

"ఎవరు నేర్పార్రా నీకీ మొండితనం?"

"మా సీనియర్లు. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు. ఎవరో మేడమ్ మిరపతోటలో కళ్ళు పోగొట్టుకోబోయిందంట తాతా, అప్పటినుంచి అడుగుతున్నారంట."

పొట్లం చేతికిచ్చాడు. ఒక మూల కత్తిరించి ఉంది. "ఎప్పుడు వేసుకోవాలో చెప్పండి" అని మళ్ళీ చెప్పించుకుని గానీ వదల్లేదు.

బయటికొచ్చి నా పక్కన కూలబడి నవ్వాడన్నాను కదా, అప్పుడే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "విన్నావా రత్తమ్మా? కథలో నేను లేనే లేను! అబ్బ, ఎంత నెమ్మదిగా ఉందో" అన్నాడు. ఇంటిదాకా కర్ర ఊపుకుంటా పోయాడు.

ఐదో రోజుకి నిద్రలోనే పోయాడు. మట్టివ్వడానికి పద్మజ ఒంగోలు నుంచి వచ్చింది, కళ్ళు మళ్ళీ ఎర్రగా. నాకు మాత్రం ఏడుపుకంటే ముందు, హమ్మయ్య, దిగులు లేకుండా పోయాడు మా అన్న అనిపించింది. తప్పంటారా?

ఏడుపు తర్వాత వచ్చింది. బడిలో బిళ్ళలిచ్చే పిల్లలు ఎంతమందైనా వస్తారు. "అయ్యో నా చెల్లెలా" అంటూ సైకిలేసుకుని చేలో పడి వచ్చే మనిషి ఇక రాడు.

ఇవాళ ఎనిమిదింటికే తిని బిళ్ళ వేసుకున్నా. మీరెన్నింటికి తింటున్నారో రాయండి.