అమ్మ బిగించిన బెల్లం సీసా

ఎనభైల మొదట్లో నేను ఎమ్మెస్సీ చదివేటప్పటి మాట. బెల్లం నీళ్లలో ఒక రకం బాక్టీరియాను పెంచడం నా ప్రాజెక్టు. అవి గాలి లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుని ముందు ఆమ్లాలు, తర్వాత బ్యుటనాల్ అనే ద్రావకం తయారుచేస్తాయి. అప్పటికే రెండుసార్లు చెడగొట్టాను. మూడో సీసా సెలవుల్లో నా కళ్లెదుటే ఉండాలని చీరాలలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. లోపల పుట్టే గ్యాస్ పోవడానికి మూత వదులుగా పెట్టి, వంటింటి గూట్లో ఉంచాను.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా వంటింట్లో ఢామ్మని పేలింది. ముక్కిపోయిన వెన్న కంపు ఇల్లంతా కమ్మేసింది. అందరూ వీధిలోకి పరుగెత్తారు.

"మూత బిగించావా అమ్మా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"వదులుగా ఉంటే బూజు పడుతుందనుకున్నానే. ఆవకాయ జాడీకి కట్టినట్టు పైన వాసెన గుడ్డ కూడా కట్టాను," అంది అమ్మ బిక్కమొహం వేసి.

సీసాలో బాక్టీరియాను పెంచుతున్నానని చెబితే, పాస్టరు గారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, "ఏం తిన్నాయమ్మా అవి?" అన్నారు.

"బెల్లమండీ."

"బెల్లం తిని ఇంత కంపా!"

నేను తప్ప అందరూ నవ్వారు.

పగిలిన సీసా అడుగున మిగిలిన మడ్డిని అమ్మే జాగ్రత్తగా గ్లాసులోకి ఎత్తి ఇచ్చింది. గాలి తగిలి బాక్టీరియా చచ్చినా విత్తనాల్లాంటి వాటి సిద్ధబీజాలు బతికే ఉంటాయట. సెలవులయ్యాక మా ప్రాజెక్టు మేడం ఆ మడ్డిని వేడిచేసి కొత్త బెల్లం నీళ్లలో కలిపితే, మూడో రోజుకు నురగ కట్టింది. ఈసారి బ్యుటనాల్ కూడా వచ్చింది. నా డిగ్రీ దక్కింది.

ఇప్పటికీ ఏటా ఆవకాయ జాడీకి వాసెన కట్టే ముందు, అమ్మ దానికి చెవి ఆనించి ఒక్క క్షణం వింటుంది.