నల్ల లైనింగు గుడ్డ

వీధి అంతా ఆమెను టైలరమ్మ అనే పిలిచేది. పోయి నాలుగేళ్లయింది. కూతురికి ఇప్పటికీ అమ్మ అనగానే మిషను చప్పుడు కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోవడం గుర్తొస్తుంది. నెలకో రెండు నెలలకో అలా ఆగేది. అమ్మ లేచి, కిటికీకి నల్ల లైనింగు గుడ్డ కట్టుకుని, ముసుగు తన్ని పడుకునేది.

దానికి ముందు ఆనవాళ్లు ఉండేవి. పొద్దున్నుంచీ ఒకటే ఆవలింతలు. తీపి ముట్టని మనిషి డబ్బాలోంచి చక్కెర బుక్కేది. మిషను నూనె వాసన తగిలితే ముక్కు మూసుకునేది. "సూది బెజ్జం కనబడట్లేదు, పక్కన రంపప్పళ్లలా మెరుస్తోంది" అనేది. వింటే కదా ఎవరైనా! ఆ ఇంట్లో ఎవరికి వారే డాక్టరు. నాయనమ్మ నిద్ర చాల్లేదంది, నాన్న కళ్లద్దాలు మార్చమన్నాడు. పదిహేనేళ్ల కూతురైతే, తన గౌను సగంలో ఆగిందని మూతి ముడుచుకుని, "పనున్నరోజే వస్తుందేం నీకు తలనొప్పి? అన్నీ నాటకాలు!" అనేసింది. టైలరమ్మ నొప్పి తగ్గాక లేచి గౌను పూర్తిచేసి, ఇస్త్రీ కూడా చేసిపెట్టింది. కూతురు మహాతల్లి అది వేసుకుని ఫొటో దిగింది, సిగ్గులేకుండా.

అమ్మ ఇంకా ఉన్న రోజుల్లోనే, తన ముప్పయ్యో ఏట అదే మిషను ముందు కూతురు కూర్చుంది. పక్కన అమ్మ చొక్కాలకు గుండీలు కుడుతోంది.

"పొద్దున్నుంచి ఎన్ని ఆవలింతలే?"

"నిద్ర చాల్లేదమ్మా."

అమ్మ గుండీ పక్కనపెట్టి లేచింది. మిషను లైటు కింద తలవంచుకున్న కూతురు గమనించలేదు. కాసేపటికి సూది బెజ్జం మాయమైంది. ఆ చోట వంకరటింకర వెలుగు.

"అమ్మా, కళ్లు పోతున్నాయి! రంపప్పళ్లు!" అంటూ తల తిప్పేసరికి కిటికీకి అప్పటికే నల్ల గుడ్డ ఉంది.

"కళ్లకేం కాదు. అరగంటలో ఆ వెలుగు పోతుంది. తర్వాత తల ఒకపక్క పోటు పెడుతుంది, వాంతొచ్చేలా ఉంటుంది. మైగ్రేన్ అంటారు. నా సంగతి నాకు తెలిసేసరికి నలభై దాటాయి. నిన్ను రేపే డాక్టరుకి చూపిస్తా."

"అమ్మా, అప్పుడు నేను నిన్ను..."

"మాట్లాడకు, పోటెక్కువవుతుంది" అని అమ్మ కూతురి నుదుటిమీద తడిగుడ్డ వేసింది.

కూతురు ఏడ్చింది, నొప్పి ఇంకా మొదలవకముందే. ఇన్నేళ్లలో అమ్మకోసం కిటికీకి ఆ గుడ్డ ఒక్కరోజు కూడా ఎవరూ కట్టలేదు. కళ్లు సరిగా ఆనకపోయినా, గోడ తడుముకుంటూ స్టూలెక్కి తనే కట్టుకునేది.